కృపావరం ఎవరి కోసం?

కృపావరాలనగానే భాషలు, స్వస్థతలే గుర్తొస్తాయి. పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయంలో పరిచర్య, బోధ, దానం, కనికరం కూడా వరాలేనన్నాడు. అవన్నీ సంఘ క్షేమం కోసమే, గొప్ప చాటుకోవడానికి కాదు.

దీనికి సాక్ష్యం మన పల్నాడులోనే ఉంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, అమెరికా వెళ్లినప్పుడు వైద్యం చదివారు. తిరిగొచ్చి 1849లో గురజాల చేరారు. ఆయన బోధకు వైద్యం తోడైంది.

మరి మన వరం తెలిసేదెలా? ప్రార్థించాలి. చిన్న పని చేపట్టి, నలుగురికీ మేలవుతోందా అని సంఘ పెద్దల్ని అడగాలి. రాజుపాలెం సంఘంలో రోగిని పలకరించేవారు, సండేస్కూల్లో పిల్లలకు నేర్పేవారు, ఆరాధన అయ్యాక చాపలు సర్దేవారు అందరూ వరం పొందినవారే. ఈ ఆదివారమే మీరూ ఒక పని మొదలుపెట్టండి.