హైఫా బ్రిగేడులో హైదరాబాదు సవారులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్ములను నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, ఉర్దూ పంతులు గనుక చదువు గురించే చెప్తాడులే అని చాలామంది అనుకొని వుంటారు. చదువు సంగతికి చివరకు వస్తాము. ముందు ఒక రిసాలా సంగతి చెప్పవలసి వున్నది.

ఢిల్లీకి పోయి వచ్చినవారు తీన్ మూర్తి చౌరస్తా చూసి వుంటారు. నెహ్రూగారు ప్రధానమంత్రిగా నివసించిన భవనానికి ఆ పేరు ఎదురుగా నున్న మూడు కంచు విగ్రహాల వల్లనే వచ్చినది. లియొనార్డ్ జెన్నింగ్స్ అనే శిల్పి చేసిన ఆ విగ్రహాలను 1922లో నిలిపినారు. ఆ ముగ్గురు సైనికులు ఎవరు? ఒకరు జోధ్‌పూర్ సంస్థానం వారు, ఒకరు మైసూరు వారు, మూడవవారు మన హైదరాబాదు వారు. 2018 జనవరిలో ఆ చౌరస్తాకు తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టినారు.

అంత దూరం ఎందుకు? హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ వున్నది. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి చదువుకో, నౌకరికో పోయినవారు ఆ పేరు వింటూనే వుంటారు. లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు రౌతు. నిజాం ఫౌజులోని ఆ రౌతుల పేరే బస్తీకి నిలిచినది. పేరు నిలిచింది గాని, కథ మరుగున పడినది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనది. ఆ కాలంలో సంస్థానాలు తమ ఖర్చుతో కొంత ఫౌజును పెంచి, యుద్ధం వచ్చినప్పుడు బ్రిటీషు వారి అజమాయిషీ కింద పంపేవి. దానిని ఇంపీరియల్ సర్వీసు సేన అనేవారు. అట్లా హైదరాబాదు, మైసూరు, పటియాలా లాన్సర్లను కలిపి ఒక అశ్విక బ్రిగేడుగా కూర్చి ఆ సంవత్సరాంతానికి ఈజిప్టుకు చేర్చినారు. అదే 15వ బ్రిగేడు. 1916లో పటియాలా వారిని ఇరాకు వైపు పంపినారు. 1918లో జోధ్‌పూర్ లాన్సర్లు ఫ్రాన్సు నుంచి వచ్చి ఇందులో చేరినారు.

ఇక్కడ ఒక ముల్లు వున్నది. దాన్ని దాటేసి పోతే మనం నిజం చెప్పినట్టు కాదు. ఎదుటి పక్షం తుర్కీ సుల్తాను. ఆయనే ఆనాటి ఖలీఫా. 1914 నవంబరులో అక్కడి నుంచి జిహాదు ప్రకటన వెలువడినది. ఇక్కడ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు ముస్లింలు బ్రిటీషు వారి పక్షాన్నే నిలబడవలెనని ఫర్మానా జారీ చేసినారు. ఒక పక్క ఖలీఫా మాట, ఇంకో పక్క ఏలినవారి హుకుం, నడుమ మామూలు సవారు. ఉప్పు తిన్న చోట మాట తప్పరాదన్నది అతడు పెద్దల నుంచి నేర్చుకున్న పాఠం. 1918లో ఏలినవారికి హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే బిరుదు వచ్చినది. సవారుకు ఏమి వచ్చినట్టు? ఇసుక, ఎండ, దాహం, ఇంటి ఉత్తరం కోసం ఎదురుచూపు.

1915 ఫిబ్రవరిలో తుర్కీ సేన సూయజ్ కాలువ మీదికి వచ్చినది. ఆ కాలువను కాపాడే సేనలో ఈ బ్రిగేడు వున్నది. సూయజ్ పోతే హిందుస్థానానికి, ఇంగ్లండుకు నడుమ ఓడల దారి తెగిపోతుంది. అందుకని గట్టు వెంబడి పహరా, ఎడారిలో గస్తీ, నెలల తరబడి అదే పని. ఆ తర్వాత 1917లో గాజా, ఆపైన పాలస్తీనా.

ఇక 1918 సెప్టెంబరు 23. హైఫా సముద్రపు ఒడ్డున వున్న రేవు పట్టణం. ఒక పక్క కార్మెల్ కొండ, ఇంకో పక్క కిషోన్ వాగు, నడుమ సన్నని దారి. కొండ మీద ఫిరంగులు, దారి పొడుగునా మెషీన్ గన్నులు. ఎదురుగా పోతున్నది గుర్రాలెక్కి బల్లేలు పట్టినవారు. మైసూరు దండు కొంత కొండ ఎక్కి ఫిరంగుల మీదికి పోయినది. మధ్యాహ్నం రెండు గంటలకు జోధ్‌పూర్ వారు దౌడు తీసినారు. వాగు ఒడ్డు ఊబి. గుర్రాలు దిగబడుతుంటే అప్పటికప్పుడు దిక్కు మార్చి, ఎదుటి గన్నుల మీదికే పోయినారు. వారి నాయకుడు మేజర్ దళపత్ సింగ్ ఆ పోరులోనే ప్రాణం విడిచినారు. సాయంత్రానికి పట్టణం చేతికి వచ్చినది. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మెషీన్ గన్నులు దొరికినవి. బ్రిగేడులో 8 మంది చనిపోయినారు, 34 మంది గాయపడినారు. 60 గుర్రాలు కూలినవి.

మరి హైదరాబాదు సవారులు? ఆ దినపు దౌడులో వారు లేరు. వారికి అప్పుడు పట్టుబడిన ఖైదీల పని అప్పగించి వున్నది.

ఈ మాట వినగానే మనలో రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు ఉత్సాహం కొద్దీ, హైఫాను మనవాళ్ళే గెలిచినారు అంటారు. అది జోధ్‌పూర్, మైసూరు అమరుల వంతును మనం తీసుకోవడం అవుతుంది. ఇంకొందరు, ముస్లింలు గనుక నమ్మక దూరం పెట్టినారు అని తల వంచుకుంటారు. వారిని మేము ఒకటే అడుగుతున్నాము. నమ్మకం లేనివాని చేతికి గుర్రం, బల్లెం ఇచ్చి, అదే తుర్కీ ఫౌజుకు ఎదురుగా సూయజ్ గట్టు మీద నిలబెడతారా? అదీ ఒక దినం కాదు, ఏండ్ల తరబడి?

ఖైదీల పని తక్కువ పని అనుకోవడమే అసలు పొరపాటు. ఆ 1918 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ రంగంలో పట్టుబడినవారు దాదాపు 75,000 మంది. మన జిల్లాలో ఒక పెద్ద పట్టణం జనాభా అనుకోండి. ఆకలితో, గాయాలతో, జ్వరాలతో వున్నవారు. వారిని లెక్కపెట్టవలె, నీళ్ళున్న చోటికి నడిపించవలె, దారిదోపిడీగాండ్ల నుంచి కాపాడవలె. వారిని వెనుకకు చేర్చేవారు లేకపోతే ముందుకు పోయే దండు కాళ్ళకు సంకెల వేసినట్టే. బదర్ యుద్ధంలో పట్టుబడినవారిని మన ప్రవక్త (స) ఎట్లా చూడమన్నారో మనకందరికీ తెలుసు. చదువు వచ్చిన ఖైదీ పది మంది పిల్లలకు అక్షరాలు నేర్పితే అదే విడుదల సొమ్ముగా తీసుకున్నారని సీరత్‌లో చదువుతాము. దౌడు ఒక గంటది. నిరాయుధుడైన శత్రువును కాపాడటం రాత్రింబగళ్ళ పని.

బ్రిగేడు అంటే ఒక శరీరం. కత్తి పట్టిన చెయ్యి ఒక్కటే శరీరం కాదు గదా. అందుకే ఢిల్లీలో రెండు విగ్రహాలు కాదు, మూడు నిలిపినారు. ఆ బ్రిగేడు అక్కడి నుంచి ఉత్తరానికి పోయి, అక్టోబరు 26న అలెప్పో దగ్గర హరితాన్‌లో చివరి పోరు చేసినది. నాలుగు రోజులకు తుర్కీతో సంధి కుదిరినది.

మేము చెప్పేది సామ్రాజ్యాన్ని పొగడటానికి కాదు. ఆ సామ్రాజ్యం మన దేశాన్ని విడిచిపోయి చాలా కాలమైనది. ఇచ్చిన మాటకు, అప్పగించిన పనికి నిలబడిన మనిషిని తలచుకోవడానికి. ఆ గుణం తర్వాత దేశం కోసం కూడా పనికి వచ్చినది. హైదరాబాదు కంటింజెంటు అశ్విక దళం నుంచి పుట్టిన డెక్కన్ హార్స్ 1965లో ట్యాంకులతో అసల్ ఉత్తర్‌లో పోరాడినది. హవల్దార్ అబ్దుల్ హమీద్ గారు పరమవీర చక్ర పొందినది ఆ రణభూమిలోనే. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు గారు మన సూర్యాపేట బిడ్డ. మహావీర చక్ర పొందిన ఆయన విగ్రహం సూర్యాపేటలో వున్నది. అక్కడ పిల్లవాణ్ణి అడిగినా ఆ పేరు చెప్తాడు. వందేండ్ల కిందటి సవారు పేరు అడిగితే ఆయన మనుమని మనుమడు కూడా చెప్పలేడు.

ఇప్పుడు చదువు సంగతికి వస్తున్నాము. హైదరాబాదు రాజ్యంలో దఫ్తరు భాష ఉర్దూ. ఫౌజు నౌకరి చిట్టీ, పింఛను కాగితం, తాకీదు, ఇంటికి వచ్చిన ఉత్తరం, ఎక్కువగా ఉర్దూలోనే వుండేవి. 1948 తర్వాత నిజాం ఫౌజు రద్దయినది. సిపాయిలు ఇండ్లు చేరినారు, కాగితాలు ట్రంకు పెట్టెల అడుగుకు చేరినవి. ఇప్పుడు మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తప్పేమీ లేదు, ఈ సంచిక కూడా తెలుగులోనే వేస్తున్నాము గదా. కాని ట్రంకు తెరిచిన పిల్లవానికి అది తాత పేరా, కిరాణా లెక్కా తెలియదు. పండుగకు ఇల్లు సున్నం వేసేటప్పుడు రద్దీ కింద తూకం వేసి ఇచ్చేస్తారు. అంతటితో ఒక మనిషి రెండవసారి చనిపోతాడు.

అందుకని సంఘ కుటుంబాలకు మా విన్నపం ఇది. ఏ రిసాలా అయినా సరే, ఏ పల్టన్ అయినా సరే, ఇంట్లో పాత కాగితం, పతకం, ఫోటో వుంటే పారేయకండి. సంఘం ఆఫీసుకు తెచ్చి చూపించండి. అసలు మీ దగ్గరే వుంటుంది, నకలు తీసుకుంటాము. ఉర్దూ పంతుళ్ళం ఆదివారం పూట కూర్చొని చదివి, తెలుగులో రాసి ఇస్తాము. ఏ కుటుంబమైనా ఇంకా వెదకదలచుకుంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ వున్నది, పాత హైదరాబాదు దఫ్తర్లు అక్కడ భద్రపరిచినారు. పిల్లలకు కనీసం తాత పేరు చదివేటంత ఉర్దూ నేర్పించండి. ఇంకొక మాట. కాగితం లేకుండా మా తాత హైఫాలో గెలిచినాడని చెప్పుకోవద్దు. వున్నది వున్నట్టు చెప్పుకుంటే చాలు, అందులో మనం సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

సెప్టెంబరు 23న మన సైన్యం హైఫా దినం జరుపుకుంటుంది. ఆ దినం మన బడుల్లో, ఇండ్లల్లో ముగ్గురినీ తలచుకుందాము. దౌడు తీసిన జోధ్‌పూర్ వారిని, కొండ ఎక్కిన మైసూరు వారిని, ఖైదీలకు కాపలా నిలిచిన హైదరాబాదు వారిని. వచ్చే వార్షిక సంచికలో ఒక్క సవారు పేరైనా ఊరితో సహా, కాగితం ఆధారంతో అచ్చు వేయగలిగితే ఈ నాలుగు మాటలకు ఫలం దక్కినట్టే. అల్లాహ్ మనకు ఆ తౌఫీక్ ప్రసాదించుగాక.