ఇండ్లకు పంపు మందులు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము చెన్నపురి పార్కుటౌనులో మందుల వ్యాపారము చేయువారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గల్లాపెట్టె ముందు కూర్చున్నవారమే గాని మందుల శాస్త్రము నెఱిగినవారము గాము. ఈనాడు మీ యెదుట నిలుచుటకు కారణము మా అంగడిలో జరిగిన పొరపాటు.

మనవారిలోనే ఒక అవ్వగారు కీళ్లవాతముతో మంచము పట్టియుండిరి. వైద్యులు మెథోట్రెక్సేట్ మాత్రను వారమున కొకటి మాత్రమే వేసికొనవలెననియు, తక్కిన దినములలో ఫోలిక్ ఆమ్లపు మాత్రను వేసికొనవలెననియు వ్రాసిరి. మేమిచ్చిన మాత్రలు రెండును చిన్నవే, రెండును పసుపుపచ్చనివే. మూడు మాసములకు చాలునట్లు పండ్రెండు మాత్రలు పొట్లము కట్టి కుఱ్ఱవానిచేత పంపితిమి. వాడు పైకము పుచ్చుకొని వచ్చెను. అవ్వగారు వానిని దినమున కొకటి చొప్పున మ్రింగిరి. పండ్రెండు దినములకే మందు అయిపోయినదని కబురు వచ్చినప్పుడైనను మాకు అనుమానము తోచలేదు. మరల పండ్రెండు పంపితిమి! నోరంతయు పుండ్లై, అన్నము సహింపక, ఆమెను ఆసుపత్రిలో చేర్చిరి. ఆ మందు మితిమీరినచో ఎముకల మూలుగను క్రుంగదీసి ప్రాణము మీదికి తెచ్చునట. దైవకృపచే ఆమె కోలుకొనిరి. ఆ యింటివారు మమ్ము ఒక్క మాటయు ననలేదు. అది మాకు మఱింత బాధాకరము.

వైద్యుని చీటీపై మందు కూర్చి యిచ్చుట రిజిష్టరైన ఫార్మసిస్టు పని యని 1948 నాటి ఫార్మసీ చట్టము చెప్పుచున్నది. అంగడి గుమ్మము లోపల ఆ నియమమును పాటించితిమి. గుమ్మము దాటినంతనే సర్వమును కుఱ్ఱవాని సైకిలుకు అప్పగించితిమి.

అటుపిమ్మట అంగడిలో నుండు ఫార్మసిస్టు గాక, మఱియొక అమ్మాయిని కుదుర్చుకొంటిమి. డి.ఫార్మ్ చదివి రిజిష్టరైనది. పగలు వేఱొకచోట ఉద్యోగము చేసి, సాయంకాలము రెండు గంటలు మా రోగుల ఇండ్లకు పోవును. ఆమె చూచి వచ్చి చెప్పిన సంగతులు విని మేము నివ్వెఱపోతిమి. ఒక యింట ఇద్దఱు వైద్యులు వ్రాసిన ఒకే రక్తపోటు మందును రెండు పేళ్లతో రెండుమార్లు వేసికొనుచున్నారు. వేఱొక యింట ఇన్సులినును ఫ్రిజ్జు పైయరలో గడ్డకట్టించినారు. అది 2 నుండి 8 డిగ్రీల చలువలో నుండవలసినది. గడ్డకట్టినది కరగినను పనికిరాదు. పొట్లముపై ఆమె “ఆదివారము మాత్రమే” అని పెద్దలకొఱకు తెలుగునను, కనిపెట్టి యుండు నర్సమ్మకొఱకు తమిళమునను వ్రాయును. మన పిల్లలు రెండవదానినే చదువుదురనుట వేఱు సంగతి.

తమిళనాడు ప్రభుత్వమువారును 2021 ఆగస్టు 5న ఆరంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకమున రక్తపోటు, మధుమేహముల మందులను ఇండ్లకే చేర్చ పూనుకొనిరి. మందు ఇల్లు చేరుట నేడు కష్టము గాదు. చేరిన పిమ్మట దానిని తెలియజెప్పువారే కావలెను.

ఆమె జీతము ఇంతవఱకు మేమే భరించితిమి. ఇండ్ల సంఖ్య పెరిగినచో ఒక్క అంగడికి సాధ్యము గాదు. సంఘము కొంత పంచుకొనవలెనని మా మనవి. మందులపై తగ్గింపు ఎంత యని అడుగువారు ఈ విషయమును గూడ ఆలోచింతురు గాక. ఆమె వచ్చినప్పుడు గుమ్మముననే పొట్లము అందుకొని తలుపు వేయకుడు. లోనికి పిలిచి మందుల డబ్బాయు, తలగడ క్రింద దాచినవియు చూపుడు. మంచము పట్టినవారు గల కుటుంబములు తమ పేళ్లను ఈ సాయంకాలమే కార్యాలయమున వ్రాయించినచో, వచ్చు వారము నుండి ఆమెను పంపెదము.