ఉదయపు రేడియోలో ఊరి కబురు



పొద్దున్నే రేడియో పెట్టుకునే అలవాటు ఉన్నవారు చేతులు ఖాళీగా పెట్టుకుని వినరు. ఒకరు పాలు పితుకుతూ ఉంటారు. ఒకరు పిల్లల కారేజీలు సర్దుతూ ఉంటారు. ఇంకొకరు పొలానికి బయలుదేరే తొందరలో ఉంటారు. కాబట్టి ఆ వేళ చెప్పే మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, అర్థం కావాలి. పత్రికలో లాగా వెనక్కి వెళ్లి చదువుకోవడానికి వీలుండదు. ఉదయం పూట చుట్టుపక్కల ఊళ్ల కబుర్లు, ఒక నిపుణుడితో ముఖాముఖి కలిపి వినిపించే కార్యక్రమం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. అది సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఎలా ఉంటే ఉపయోగం అన్నది నేను చెప్పదలచుకున్న విషయం.

మనవాళ్ల అవస్థ ఒకటుంది. తెలుగు కావాలంటే విజయవాడ వైపో, హైదరాబాదు వైపో చెవి ఒగ్గాలి. అక్కడ వినిపించే వార్తలు అక్కడి మండలాలవి, అక్కడి పథకాలవి. మన తాలూకా ఆఫీసు కబురు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తుంది. యానాం వాళ్ల సంగతి చూడండి. చుట్టూ ఆంధ్ర, మాట్లాడేది తెలుగు, ఉత్తర్వులు మాత్రం ఎక్కడో తమిళ దేశంలో ఉన్న పుదుచ్చేరి నుంచి రావాలి. ఇళ్లలో పెద్దవాళ్లకు ఆ భాషలు వినడం వచ్చినా, సర్కారు కాగితం భాష కొరుకుడు పడదు.

అందుకే నిపుణుణ్ణి పిలిచి కూర్చోబెట్టినంత మాత్రాన పని అయిపోదు. ఒక ఉదాహరణ చెబుతాను. పంట రుణం గురించి మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి "అడంగల్ తీసుకుని బ్యాంకుకు వెళ్లండి" అన్నాడనుకోండి. ఆంధ్రలో ఉన్నవారికి అది చాలు. బళ్లారి జిల్లా రైతు ఇంట్లో ఉన్న కాగితం పేరు పహణి. హోసూరు రైతు చిట్టా, అడంగల్ అని రెండు కాగితాలు పట్టుకెళ్లాలి. చంద్రపూర్, నాందేడు వైపు రైతు అడగవలసింది సాత్ బారా. మాట తెలుగే, కాగితం వేరు. ముఖాముఖి నడిపే మనిషి అక్కడ ఆగి, "అయ్యా, మా వైపు దీన్ని ఏమంటారో కూడా చెప్పండి" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, విన్న రైతు బ్యాంకు దాకా పోయి ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. నిపుణుడు తప్పు చెప్పలేదు, అయినా రైతుకు ఒక రోజు కూలీ పోయింది, బస్సు చార్జీ పోయింది.

ఇక పెద్ద ఉదాహరణకు వస్తాను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. డ్యాముకు మొత్తం 33 గేట్లు. అప్పటికి జలాశయం నిండుగా, సుమారు 105 టి.ఎం.సి. నీటితో ఉంది. 1953లో పూర్తయిన ఈ డ్యాము నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్ల మనవలు ఇప్పుడు అక్కడ వరి పండిస్తున్నారు. ఎడమ కాలువ కొప్పళ, రాయచూరు జిల్లాలకు పోతుంది. కుడివైపు ఎగువ కాలువ బళ్లారి మీదుగా అనంతపురానికీ, దిగువ కాలువ కర్నూలుకూ పోతాయి. నాట్ల కాలంలో గేటు పోయిందంటే ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టి ఉంటుందో ఆలోచించండి.

అలాంటి తెల్లవారుజామున రేడియో ఏం చెప్పాలి? "అధికారులు పరిస్థితిని సమీక్షిస్తున్నారు" అన్న మాట ఎవరికి కావాలి? నది ఒడ్డున ఉన్నవారికి కావలసిన కబురు ఒకటి, కాలువ కింద ఉన్నవారికి కావలసినది ఇంకొకటి. ఒడ్డున ఉన్న మనిషి అడిగేది, మోటారు తీసి గట్టు మీద పెట్టుకోవాలా, గొర్రెల్ని ఇవతలికి తోలుకోవాలా, కంప్లి వంతెన మీద బస్సులు పోతున్నాయా అని. ఎక్కువ నీరు వదిలినప్పుడు ఆ వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు కదా. ఈ కబుర్లు ముందు చెప్పాలి, పేరుపేరునా ఊళ్లు చెప్పాలి, అరగంటకోసారి మళ్లీ చెప్పాలి.

కాలువ కింద రైతుకు నిపుణుడు కావాలి. అతని సందేహం న్యాయమైనదే. పోయింది ఒక్క గేటు అయితే, మిగిలిన గేట్లు కూడా ఎత్తి నీళ్లన్నీ ఎందుకు నదిలోకి వదిలేశారు? ఆ వారం ఆ ప్రాంతంలో ఈ ప్రశ్న అడగని ఇల్లు ఉండి ఉండదు. ఇంజనీరు "స్పిల్‌వే క్రెస్ట్ లెవెల్" అని మొదలుపెడితే రైతు రేడియో కట్టేస్తాడు. నిదానంగా ఇలా చెప్పించాలి: డ్యాము నిండు మట్టం 1633 అడుగులు. గేట్లు ఆనుకుని నిలబడే గోడ తల 1613 అడుగుల దగ్గర ఉంది. గేటు ఎత్తు ఆ మధ్యనున్న 20 అడుగులు. నీరు ఆ గోడ తల కిందికి దిగితేనే ఖాళీ అయిన చోట మనుషులు నింపాదిగా పని చేయగలరు. అంతేకాదు, మిగిలిన గేట్ల మీద ఒత్తిడి కూడా తగ్గించాలి.

తరువాత లెక్క. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు, అంటే రెండు బిందెల నీరు అనుకోండి. లక్ష క్యూసెక్కులు రోజంతా పోతే ఎనిమిదిన్నర టి.ఎం.సి.కి పైగా ఖర్చవుతుంది. వరికి నాలుగు అడుగుల నీరు అనుకుంటే ఒక టి.ఎం.సి. సుమారు 5,700 ఎకరాలకు సరిపోతుంది. ఈ రెండు అంకెలూ చేతికిస్తే ఎంత పోతోందో, తన పంటకు ఎంత మిగులుతుందో రైతు తానే వేలు మడిచి లెక్క కట్టుకుంటాడు. మనవాళ్లకు లెక్కలు రావనుకోవడం స్టూడియోలో కూర్చున్నవాళ్ల భ్రమ.

ఆ వారం జరిగింది కూడా రేడియోకి తగిన కథే. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. ఆయన పూర్వం హోసపేటలోని తుంగభద్ర స్టీల్ ప్రాడక్ట్స్‌లో పనిచేసినవారు. నీరు గోడ తల దాకా దిగేవరకు ఆగకుండా, పారుతున్న నీటిలోనే తాత్కాలిక గేటు దించడానికి పూనుకున్నారు. ఒకే పలకగా కాక, ఒక్కొక్కటి నాలుగు అడుగుల ఎత్తున్న ఐదు పలకలుగా, ఒకదాని మీద ఒకటి. ఆగస్టు 16, 17 తేదీల్లో ఆ పని పూర్తయింది. వదిలేయక తప్పదనుకున్న నీటిలో చాలా భాగం నిలిచింది. పారే నీటిలో పలక ఎలా దించారు, మొదటి పలక సరిగా కూర్చుందని ఎలా తెలిసింది, అన్నది అలాంటివారి నోట పదిహేను నిమిషాలు వినగలిగితే అంతకు మించిన ముఖాముఖి ఏముంటుంది?

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1956లో పూణె ప్రాంతంలో దాదాపు 150 పల్లెల్లో రైతులను గుంపులుగా కూర్చోబెట్టి రేడియో వినిపించి, వారి సందేహాలను తిరిగి స్టూడియోకి తెప్పించుకున్నారు. తంజావూరు సీమలో రేడియో విని వేసిన వరి రకానికి రేడియో వరి అనే పేరు పడిపోయింది. స్థానిక కేంద్రాలు 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలయ్యాయి. కర్ణాటక సరిహద్దునే ఉన్న జహీరాబాదు దగ్గర 2008లో మొదలైన సంఘం రేడియోను పల్లెటూరి దళిత స్త్రీలే తమ యాసలో నడిపారు. ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేకపోయినా, నీటి సరఫరా, కరెంటు, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ప్రకృతి వైపరీత్యాల సమాచారం చెప్పుకోవచ్చని 2011 నాటి విధానంలోనే ఉంది. కాబట్టి చెప్పకపోవడానికి నిబంధనలను సాకు చేయడం సరికాదు.

నాకు నచ్చనిది ఒకటి చెప్పాలి. కొన్ని ఉదయపు కార్యక్రమాల్లో నిపుణుడు కాగితం చూసి వ్యాసం చదువుతాడు, ఎదుటి మనిషి మధ్యమధ్య "చాలా బాగా చెప్పారు" అంటాడు. అది ముఖాముఖి కాదు. ముందు రోజు నాలుగు ఊళ్లకు ఫోను చేసి, ఉత్తరాలు తిరగేసి, పది ప్రశ్నలు పోగు చేసుకోవాలి. అందులో మూడు అడిగినా చాలు. ప్రశ్న పంపిన ఊరి పేరు చెప్పాలి. క్యాంపు రైతు మాటలో కన్నడం కలిస్తే దిద్దకుండా అలాగే వినిపించాలి. బరంపురం తెలుగులో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వాలి. జవాబు రాని ప్రశ్న ఉంటే, "రేపు ఇదే వేళకు కనుక్కుని చెబుతాం" అనాలి. మర్నాడు ఆ వేళకు ఆ జవాబు తప్పకుండా చెప్పాలి. ఆ రైతు రెండో రోజు పాలు పితకడం ఆపి మరీ వింటాడు.