ఆట అన్నం పెడుతుందా?



ఆడపిల్ల ఆటలకి వెడతానంటే మన కోనసీమ ఇళ్ళల్లో మునుపటంత అభ్యంతరం యిప్పుడు లేదు లెండి. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ షటిల్ బ్యాటు పట్టుకెళ్ళి 2023 ఆసియా క్రీడల డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చాక ఆటంటే మనవాళ్ళకి గౌరవం పెరిగింది. అయినా పిల్ల పదో తరగతికి వచ్చేసరికి మాట మారిపోతుంది. "ఆడింది చాలమ్మా, ఈ ఆట రేపు నీకు అన్నం పెడుతుందా?" అంటాం. తండ్రులే అంటారనుకోకండి, ఎక్కువగా అనేది మనమే. పాలవాడి పద్దు దగ్గర్నుంచి ఫీజుల దాకా లెక్క చూసుకునేది మనం కదండీ! ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఆ ప్రశ్నతోనే యివ్వాళ మిథాలీ రాజ్ గారి జీవితం చూద్దామని నా ఉద్దేశం.

ఈవిడ తమిళుల పిల్ల, పెరిగింది సికిందరాబాదులో. తండ్రి దొరైరాజ్ గారు వైమానిక దళంలో పనిచేశారు. అమ్మాయి పొద్దెక్కేదాకా పడుకుంటోందని, అన్నగారు క్రికెట్ నేర్చుకునే చోటికి తెల్లవారుజామునే ఆమెనీ తీసుకెళ్ళేవారట. అక్కడ ఊరికే కూర్చున్న పిల్ల సరదాకి బ్యాటు పట్టుకుంటే జ్యోతిప్రసాద్ గారనే శిక్షకుడి కంట పడింది. ఆయనే సంపత్‌కుమార్ గారి దగ్గరికి పంపించారు. ఆమె అప్పటికి భరతనాట్యం నేర్చుకుంటోంది. నాట్యమా, క్రికెట్టా అని తేల్చుకోవలసి వచ్చిన రోజున క్రికెట్టే అన్నది. సంపత్‌కుమార్ గారు పాపం, ఆ పిల్ల భారతజట్టులో ఆడడం చూడకుండానే రోడ్డు ప్రమాదంలో పోయారు.

1999 జూన్‌లో, పదహారేళ్ళ వయసులో, ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండు మీద మొదటి మ్యాచ్ ఆడి అవుటవకుండా 114 పరుగులు చేసింది. 2002లో టాంటన్‌లో ఇంగ్లండు మీద టెస్టు మ్యాచ్‌లో 214. అప్పటికి ఆడవాళ్ళ టెస్టుల్లో అది ప్రపంచ రికార్డు. దాదాపు పది గంటలు క్రీజులో నిలబడిందండీ! ఎండలో పది గంటలు నిలబడటమంటే ఏమిటో వడియాలు పెట్టేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2005లో ఆమె నాయకత్వంలో మన జట్టు మొదటిసారి ప్రపంచకప్పు ఫైనలుకి వెళ్ళింది.

ఇంత చేసిన పిల్ల చేతికి వచ్చిందెంత? ఆ 2005 ప్రపంచకప్పుకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయల చొప్పున ఎనిమిది మ్యాచ్‌లకి ఎనిమిది వేలు వచ్చాయని ఆవిడే తరువాత ఒక ముఖాముఖిలో చెప్పారు. అప్పుడు ఆడవాళ్ళ క్రికెట్టు మగవాళ్ళ బోర్డు కింద లేదు. 1973లో పెట్టుకున్న వేరే సంఘం కింద వుండేది, ఆ సంఘానికి డబ్బు లేదు. రిజర్వేషను లేని పెట్టెల్లో కిట్‌బ్యాగుల మీద కూర్చుని ప్రయాణాలు చేసేవారు. 2006లో బోర్డు తనలో కలుపుకున్నాక కాస్త నయమయింది. ఇంతకీ ఆవిడకి అన్నం పెట్టింది ఆట కాదు, ఆట వల్ల వచ్చిన రైల్వే ఉద్యోగం. ఆ రోజుల్లో చాలామంది ఆటగత్తెలకి రైల్వేయే దిక్కు.

ఆడవాళ్ళ ఆటకి డబ్బివ్వడం మొన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు సుమండీ. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధం నాడు మగవాళ్ళు సైన్యంలోకి పోతే, బేస్‌బాల్ మైదానాలు ఖాళీ అవుతాయేమోనన్న బెంగతో రిగ్లీ అనే చూయింగ్ గమ్ షావుకారు 1943లో ఆడవాళ్ళ లీగు మొదలుపెట్టాడు. బేస్‌బాల్ అంటే బంతిని కర్రతో కొట్టి నాలుగు మూలలూ చుట్టి రావడం. వారానికి 45 నుంచి 85 డాలర్ల జీతం, ఆ కాలానికి మంచి రాబడే. కాని షరతులు చూడండి: పొట్టి గౌను వేసుకోవాలి, పెదాలకి రంగు తప్పనిసరి, నడక, మర్యాద నేర్పడానికి వేరే క్లాసులు! ఆ ఆటలో నేలమీద జారుతూ మూల చేరుకోవాలి. పొట్టి గౌనుతో జారితే తొడలు గీరుకుపోయి పచ్చిపుండ్లయ్యేవి. అలాగే సోఫీ క్యూరిస్ అనే అమ్మాయి 1946లో ఒక్క సీజనులో 201 సార్లు ఎదుటివాళ్ళ కన్నుగప్పి మూల చేరుకుంది. నల్లజాతి స్త్రీలని మాత్రం ఆ లీగులోకి రానివ్వలేదు. వాళ్ళలో టోనీ స్టోన్ అనే ఆవిడ 1953లో ఏకంగా మగవాళ్ళ జట్టులోనే ఆడింది. ఆడవాళ్ళ లీగు 1954లో మూతపడింది. ఆడిన ఆరువందల పైచిలుకు మందీ ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళకి బేస్‌బాల్ మ్యూజియంలో చోటు దొరికింది 1988లో.

మిథాలీ గారి లెక్కకి వద్దాం. 2017లో లార్డ్స్‌లో ఫైనలు తొమ్మిది పరుగుల తేడాతో పోయింది. ఆ ప్రపంచకప్పులోనే, బ్యాటింగుకి దిగబోయే ముందు ఆవిడ నింపాదిగా రూమీ కవిత్వం చదువుకుంటూ కూర్చున్న ఫోటో చూసే వుంటారు. మీకిష్టమైన మగ క్రికెటరెవరని ఓ విలేకరి అడిగితే, మగవాళ్ళని మీకిష్టమైన ఆడ క్రికెటరెవరని అడుగుతారా అన్నది కూడా అప్పుడే. నాకా జవాబు ఎంత నచ్చిందో! ఇరవై మూడేళ్ళు ఆడి, 232 వన్‌డేల్లో 7,805 పరుగులు చేసి, 2022 జూన్ 8న ఆట మానేస్తున్నానని చెప్పారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా మ్యాచ్‌కి డబ్బు యిస్తామని బోర్డు చెప్పింది అదే ఏడాది అక్టోబరులో. వన్‌డేకి ఆరు లక్షలు! మరుసటి ఏడాది 2023 ఫిబ్రవరిలో ఆడవాళ్ళ లీగుకి వేలంపాట జరిగితే స్మృతి మంధానకి 3 కోట్ల 40 లక్షలు పలికింది. మిథాలీ గారు ఆ లీగులో గుజరాతు జట్టుకి సలహాలు చెప్పే పెద్దగా కూర్చున్నారు. మొక్క పాతిన చెయ్యొకటి, కాయ దింపుకున్న చెయ్యొకటి.

అందుకే అంటాను, "అన్నం పెడుతుందా" అని పిల్లనొక్కదాన్నే అడగడం అన్యాయం. పెట్టవలసినవాళ్ళని ఎప్పుడడిగాం? మిథాలీ గారు బాగా ఆడకపోవడం వల్ల ఎనిమిది వేలు రాలేదు కదా!

2025 అక్టోబరులో విశాఖపట్నం స్టేడియంలో ఒక స్టాండుకి ఆవిడ పేరు పెట్టారు. నవంబరు 2న మనమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచి, ఆ కప్పు తెచ్చి ఆవిడ చేతిలో కూడా పెట్టారు. ఆ జట్టులో మన కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఆ అమ్మాయికి రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం యిస్తామని రాష్ట్రప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే. కాని జిల్లా జట్టు దాకా వచ్చి ఆగిపోయే పిల్లలు వందల్లో వుంటారు, వాళ్ళ సంగతేమిటన్నదే నా బెంగ.

కనక వేసవిలో రాజోలులోనో, కొత్తపేటలోనో శిక్షణ శిబిరం పెడితే, పిల్లని దింపి వచ్చేయకండి. ఆడపిల్లలకి గ్రౌండు ఏ వేళ యిస్తారు, మరుగుదొడ్డి వుందా, పైవూరు తీసుకెడితే టిక్కెట్టు ఎవరిది, రోజుబత్తెం ఎంత, తోడు ఎవరొస్తారు, ఇవన్నీ గట్టిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. కూరల కొట్టు దగ్గర మనం వేసే ప్రశ్నల్లో సగం చాలు.