మన పోస్టరు – మన మాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హాలులో పెట్టబోయే పోస్టరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అందుకు తగిన సూక్తి మనకు సిద్ధంగానే ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు సారాన్ని మనం ఇలా చెప్పుకుంటాం: "పెన్షన్ భిక్ష కాదు, హక్కు."

దీని ప్రాణమంతా చివరి మాటలో ఉంది. కనుక మొదటి మూడు మాటలు పై వరుసలో నల్లరంగుతోనూ, "హక్కు" కింది వరుసలో మూడింతలు పెద్దగా ఎర్రరంగుతోనూ రాయించాలి. మన అక్షరాలకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. వరుసలు ఇరికిస్తే "భిక్ష"లోని వత్తు "హక్కు" తలకట్టుకు తగులుతుంది. అడుగున క వత్తుకూ చోటు వదలాలి. అలంకారాలు ఎక్కువైతే చూపు తగ్గిన మనవాళ్ళకు అక్షరం ఆనదు. ముందు పెన్సిలుతో రాయించి, హాలు చివరి వరుసలో కూర్చొని చదివి చూడాలి.

ఇక బొమ్మ. పెన్షనరు అనగానే నడుం వంగి, కర్ర పట్టుకొని, చేయి చాచిన ముసలాయనను వేస్తుంటారు. అక్షరం "భిక్ష కాదు" అంటుంటే బొమ్మ "భిక్షే" అన్నట్లవుతుంది! చేసిన సేవకు ప్రతిఫలమే పెన్షన్ అని ఆ తీర్పు చెప్పింది. కలం పట్టిన చేయి, పక్కన ఫైళ్ళ కట్ట వేయిస్తే చాలు.

అడుగున చిన్న అక్షరాలతో తీర్పు తేదీ వేయించండి. మనవలు చూసి అడిగితే ఆ కథ చెప్పవచ్చు.