తిరుత్తణి: ఊరును సరిహద్దును
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మన తిరుత్తణి చెన్నై నుండి రేణిగుంట పోవు రైలుమార్గమున, అరక్కోణమునకు ఉత్తరముగా, నంది నది చెంత నున్నది. కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామిని దర్శించుటకు ఏడాది దినములకు సరిగా 365 మెట్లు గలవు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో ఈ యూరనే జన్మించిరి.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మన తాలూకా అందు చేరెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము వచ్చినపుడును జిల్లాతోపాటు అందే యుండెను. పిదప పటాస్కరుగారి సిఫారసు మేరకు, 1959 నాటి చట్టముచే, 1960 ఏప్రిలు 1న తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయెను. మొదట చెంగల్పట్టు జిల్లాలో నుండిన మనము 1997 నుండి తిరువళ్ళూరు జిల్లావారము.

ఇన్ని మార్పులలోను మన యిండ్లు కదలలేదు. చదువు మాత్రము మారినది. 2006 నాటి చట్టము పిమ్మట బడులలో తమిళము క్రమముగా నిర్బంధమైనది. ఇరుగుపొరుగువారి భాష గనుక దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని నిరుడొక యింట, తాతగారు తెలుగున వ్రాయించిన పొలము దస్తావేజును చదువలేక మనుమడు నన్ను పిలిపించెను. మాటలాడుటకు అతనికి తెలుగు వచ్చును, అక్షరములు రావు. కావున దినమున కొక అరగంట, ప్రతి యింటను, పిల్లలచేత ఓనమాలు దిద్దింపుడని పెద్దలను వేడుచున్నాను.