దుమ్ము చెక్కితే దుమ్ము



"దుమ్ము" అనే మాట పలక మీద రాయండి. ద కు కొమ్ము ఇస్తే దు. మ కు మ వత్తు, కొమ్ము ఇస్తే మ్ము. అక్షరాలు రెండే. అర్థాలు కూడా రెండు. దారిలో బండి పోతే లేచేది దుమ్ము. మాంసం కూరలో పంటికి తగిలేదీ దుమ్మే. దాన్నే ఎముక అంటారు. తెలంగాణలో బొక్క అంటారు.

ఈ రెండు దుమ్ములూ కలిసే పని ఒకటుంది. అది పశువుల ఎముకలను చెక్కి అందమైన వస్తువులు చేసే పని. ఆ పని కొన్ని వేల ఇళ్ళకు కూడు పెడుతోంది. ఆ పనిలో లేచే దుమ్ము పనివాళ్ళ ఊపిరి తీస్తోంది. కూడు నిలవాలి, ఊపిరీ నిలవాలి. రెండూ నిలుస్తాయా? నిలుస్తాయి. ఎట్లాగో చూద్దాం.

పారేసేదే పెట్టుబడి

ఉత్తరప్రదేశ్‌లో సంభల్ అనే పట్నం ఉంది. దాని పక్కనే సరాయ్ తరీన్ అనే పేట ఉంది. ఇక్కడ గేదె ఎముకలతో, కొమ్ములతో వస్తువులు చేస్తారు. గుండీలు, పూసలు, గాజులు, దువ్వెనలు, చిన్న పెట్టెలు, ఫొటో చట్రాలు చేస్తారు. ఇవి ఓడలెక్కి దూరదేశాలకు పోతాయి. 2018లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం "ఒక జిల్లా - ఒక ఉత్పత్తి" అనే పథకం పెట్టింది. అందులో సంభల్ జిల్లాకు కొమ్ము, ఎముక పనినే ఎంచుకుంది.

లక్నోలో, బారాబంకీలో కూడా ఈ పనివాళ్ళు ఉన్నారు. అక్కడ ఎముకను జల్లెడలాగా చిల్లులు పొడిచి, సన్నని జాలీ పని చేస్తారు. ఇండోనేషియాలోని బాలి దీవిలో ఆవు, గేదె పుర్రెల మీద కూడా పువ్వులు, లతలు చెక్కుతారు.

పూర్వం ఈ చేతులు చెక్కింది ఏనుగు దంతం. మన విశాఖపట్నం పనివాళ్ళకు కూడా ఆ పేరు ఉండేది. 18వ శతాబ్దంలో వాళ్ళు చెక్క పెట్టెలకు, కుర్చీలకు దంతం పొదిగేవారు. ఆ వస్తువులు నేటికీ లండన్ మ్యూజియంలో ఉన్నాయి. కానీ దంతం కావాలంటే ఏనుగు చావాలి. దంతం కోసం ఏనుగులను చంపడం పెరిగిపోయింది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. 1986లో ఆ చట్టాన్ని సవరించి, మన దేశపు దంతం వ్యాపారాన్ని ఆపారు. 1991లో ఆఫ్రికా నుంచి వచ్చే దంతాన్ని కూడా ఆపారు.

దంతం పోయింది. చేతిలో పని మాత్రం ఉంది. అప్పుడు చాలామంది పనివాళ్ళు ఎముకను పట్టుకున్నారు. ఎముక కోసం ఏనుగును చంపనక్కర లేదు. కబేళాలో మాంసం పోగా మిగిలేదే ఎముక. ఒకరు పారేసింది ఇంకొకరికి పెట్టుబడి అయింది. ఎముకలు ఏరేవాళ్ళను, చెక్కేవాళ్ళను చిన్నచూపు చూసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒక జాగ్రత్త. ఎముకే కదా అని అడవి జంతువుల జోలికి పోకూడదు. జింక కొమ్ము, పులి గోరు, అడవి జంతువు పుర్రె కొన్నా, అమ్మినా చట్టం ప్రకారం నేరం.

పచ్చి ఎముక పనికి రాదు

పచ్చి ఎముకలో కొవ్వు ఉంటుంది, మూలుగ ఉంటుంది. ముందు రెండు కొసలూ రంపంతో కోసేస్తారు. మూలుగ తీస్తారు. సోడా కలిపిన వేడి నీళ్ళలో ఉంచి కొవ్వు వదిలిస్తారు. ఇక్కడ తొందర పనికి రాదు. మంట పెద్దది చేసి గంటలకొద్దీ తెర్లబెడితే ఎముక పెళుసవుతుంది. సన్నని సెగ చాలు.

తరువాత తెల్లబరచాలి. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే మందు వాడతారు. బ్లీచింగ్ పౌడర్ వాడకూడదు. అది ఎముకలోని జిగురును తినేస్తుంది. పైకి తెల్లగా కనబడినా లోపల డొల్ల అవుతుంది. పెరాక్సైడ్ కూడా చర్మాన్ని కాలుస్తుంది. సీసా మీద చీటీ ఉంటుంది. మందులో ఎంత నీరు కలపాలో అందులో రాసి ఉంటుంది. చదువు వచ్చినవాళ్ళు ఆ చీటీ చదివి, చేతులు కాలకుండా కాపాడుకుంటారు.

ఆ తరువాత ఎముకను ఆరబెట్టి, బద్దలుగా కోసి, పెన్సిలుతో బొమ్మ గీస్తారు. అప్పుడు చెక్కడం మొదలవుతుంది.

గిరగిర తిరిగే మోటారు

వెనుకటి రోజుల్లో ఉలి, ఆకురాయి, తాడుతో లాగి తిప్పే బర్మా, ఇవే పనిముట్లు. చిన్న చిల్లు పడాలన్నా చాలాసేపు పట్టేది. ఇప్పుడు కరెంటు మోటారు వచ్చింది. 1930లలో అమెరికాలో ఆల్బర్ట్ డ్రెమెల్ అనే ఆయన చేతిలో ఇమిడే మోటారు పనిముట్టును అమ్మకానికి తెచ్చాడు. ఇప్పుడు అట్లాంటివి ఎన్నో రకాలు వచ్చాయి. కొన్నిట్లో మోటారు పైన వేలాడుతుంది. దాన్నుంచి ఒంగే గొట్టం ఒకటి వస్తుంది. ఆ గొట్టం కొసన బిట్టు తిరుగుతుంది. పళ్ళ డాక్టరు వాడే పనిముట్టు లాగే ఉంటుంది.

ఇంట్లో ఫ్యాను నిమిషానికి సుమారు 300 చుట్లు తిరుగుతుంది. ఈ మోటారు బిట్టు 30,000 చుట్లు కూడా తిరగగలదు. అంటే ఫ్యాను కంటే 100 రెట్లు వేగం! బిట్టు ప్యాకెట్టు మీద ఒక అంకె ఉంటుంది. ఆ బిట్టు నిమిషానికి ఎన్ని చుట్ల దాకా తట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. మోటారును అంతకు మించి తిప్పితే బిట్టు విరిగి కంట్లో పడవచ్చు. అంకెలు చదవడం వస్తే కన్ను దక్కుతుంది.

ఎముకకు మరీ వేగం అక్కర లేదు. ఎముకలో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. సున్నం, భాస్వరం కలిసిన పదార్థం అది. మిగతాది చాలావరకు కొల్లాజెన్ అనే జిగురు పదార్థం. బిట్టును గట్టిగా అదిమితే వేడి పుడుతుంది. ఆ జిగురు మాడుతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఎముక నల్లబడుతుంది, పగులుతుంది. ఆ వాసన వచ్చిందంటే "ఆగు" అని ఎముక చెప్పినట్టే. చెయ్యి తేలిక చేయాలి. వేగం తగ్గించాలి. ఎముక చల్లారనివ్వాలి.

కనబడే దుమ్ము, కనబడని దుమ్ము

ఉలితో చెక్కితే పొట్టు రాలుతుంది. అది బరువుగా ఉంటుంది, కింద పడుతుంది. మోటారుతో చెక్కితే ఎముక పిండి అవుతుంది. ఆ పిండి గాలిలో తేలుతుంది. ఉప్పు కాగితంతో రుద్దినా అంతే.

పెద్ద రేణువులను ముక్కు ఆపుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు కన్నా చిన్నవి ముక్కు దాటిపోతాయి. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగుతాయి. అవి కంటికి కనబడవు. గాలిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. మోటారు ఆపినా అవి ఆగవు.

మొదట తుమ్ములు, దగ్గు. తరువాత ఆయాసం. కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ఎక్కువమందికి ఇల్లే కార్ఖానా. తండ్రి చెక్కుతుంటే పక్కనే తల్లి వంట చేస్తుంది, పిల్లలు ఆడుకుంటారు. అందరూ ఆ గాలే పీలుస్తారు.

ధూళి ఎంత చేటు చేస్తుందో మీ చేతిలోని బలపం చెబుతుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే పనివాళ్ళు ఆ రాతి ధూళి పీల్చి సిలికోసిస్ అనే రోగం పాలయ్యారు. చిన్న వయసులోనే చనిపోయారు. రాతి ధూళి వేరు, ఎముక ధూళి వేరు. రాతి ధూళి ఇంకా ప్రమాదం. కానీ పాఠం ఒక్కటే. ధూళిని పుట్టినచోటే పట్టుకోవాలి. గాలిలో కలిశాక పట్టుకోలేం.

దొమ్మ వచ్చిన పశువు జోలికి పోవద్దు

ఇంకొక ప్రమాదం ఉంది. ఇది మన ఊళ్ళకు కూడా వర్తిస్తుంది. పశువులకు దొమ్మ రోగం వస్తుంది. డాక్టర్లు దాన్ని ఆంత్రాక్స్ అంటారు. నిన్న మేసిన పశువు ఇవాళ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. ముక్కు నుంచి, నోటి నుంచి, వెనుక నుంచి నల్లని రక్తం కారుతుంది. అది గడ్డ కట్టదు. ఆ పశువును కోయకూడదు. తోలు తీయకూడదు. మాంసం తినకూడదు. ఎముకలు ఏరకూడదు. ఆ రోగ బీజాలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఉడకబెడితే పోతాయిలే అని నమ్మకూడదు. వెంటనే పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి. ఆయన చెప్పినట్టు కళేబరాన్ని కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి.

అందుకే చెక్కే ఎముక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి. డాక్టరు తనిఖీ ఉన్న కబేళా ఎముక మేలు. పొలం గట్టున దొరికిన తెలియని ఎముక వద్దు.

ఊపిరి కాపాడే పద్ధతులు

మొదటిది తడి. ఎముకను తడిపి చెక్కితే పిండి ఎగరదు, బురద అవుతుంది. ఎముక వేడెక్కదు కూడా. కానీ నీళ్ళకూ కరెంటుకూ పడదు. మోటారు పైన పొడిగా వేలాడాలి. ఎర్తు ఉన్న మూడు పుల్లల ప్లగ్గు వాడాలి. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోరాదు.

రెండోది పీల్చే ఫ్యాను. బిట్టు పక్కనే గొట్టం పెట్టి, దుమ్మును పీల్చి సంచిలో పట్టాలి. దుమ్మును వీధిలోకి ఊదితే పక్కింటివాళ్ళు పీలుస్తారు.

మూడోది మాస్కు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కు అందరికీ తెలిసింది. చేతి రుమాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్-95 రకం మాస్కు ఆపుతుంది. అది బుగ్గలకు ఖాళీ లేకుండా అంటుకోవాలి.

నాలుగోది శుభ్రం. పొడి చీపురుతో ఊడిస్తే పడిన దుమ్ము మళ్ళీ లేస్తుంది. తడి గుడ్డతో తుడవాలి. పని బట్టలు వేరే ఉంచాలి. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. జుట్టు ముడి వేయాలి. పమిట కొంగు బిగించి దోపుకోవాలి. వదులుగా ఉన్న గుడ్డ ఏదైనా బిట్టుకు చుట్టుకుంటుంది.

ఖర్చు ఎవరిది?

"ఇవన్నీ బాగానే ఉన్నాయి. పైసలెక్కడివి?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పనివాడికి వచ్చేది వస్తువుకు ఇంత అని కూలి. మాస్కు పెట్టుకుంటే చెమట పోస్తుంది, పని నెమ్మదిస్తుంది. పని నెమ్మదిస్తే కూలి తగ్గుతుంది. అందుకే తెలిసి కూడా తీసి పక్కన పెడతాడు. అది మొండితనం కాదు, ఆకలి.

కాబట్టి ఆ ఖర్చు వస్తువు ధరలోనే ఉండాలి. ఎముక ఖర్చు లెక్క వేస్తారు. కరెంటు ఖర్చు లెక్క వేస్తారు. మాస్కు ఖర్చు, పీల్చే ఫ్యాను ఖర్చు కూడా లెక్క వేయాలి. వస్తువు కొనే వ్యాపారి అది ఇవ్వాలి. ఒక్కడు అడిగితే వ్యాపారి ఇంకొకడి దగ్గరికి పోతాడు. పేట అంతా కలిసి అడిగితే ఎక్కడికి పోతాడు? పీల్చే ఫ్యాను ఒక్క ఇంటికి బరువు. పది ఇళ్ళు కలిసి ఒక షెడ్డు వేసుకుంటే అది బరువు కాదు. పని ఇంట్లోంచి షెడ్డుకు మారితే పిల్లల ఊపిరీ దక్కుతుంది. పొదుపు సంఘాలు నడిపిన అక్కలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర లేదు.

ఇది ఎముక పనివాళ్ళ మాటే కాదు. మన ఊళ్ళో రాయి కొట్టేవాళ్ళు, వడ్రంగులు, పిండి మర నడిపేవాళ్ళు, దూది ఏకేవాళ్ళు ఉన్నారు. దుమ్ము ఎక్కడ లేస్తే అక్కడ ఈ పాఠం వర్తిస్తుంది. చేతిపని గొప్పది. ఆ పని చేసే మనిషి అంతకన్నా గొప్పవాడు.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఏ ఏ పనుల్లో దుమ్ము లేస్తుంది? ఆ పేర్లు రాయండి.
2. ఆ దుమ్మును పుట్టినచోటే ఆపడానికి ఏం చేయవచ్చు?
3. ఉన్నట్టుండి పశువు చచ్చిపోతే ముందు ఎవరికి చెప్పాలి?
4. మాస్కు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఎందుకు?